మ్యాపు ఎర్రగా ఉంటే చాలు, ఆ ప్రాంతానికి జబ్బు అంటగట్టేయడమేనా?

ఏ ప్రాంతంలో ఏ జబ్బుతో ఎక్కువ మంది పోతున్నారో రంగులేసి చూపించే మ్యాపు ఒకటి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కామెంట్లలో అందరూ డాక్టర్లే. నీళ్లు అంటారొకరు, గాలి అంటారింకొకరు. ఆ అంకెల్లో వయసు సర్దుబాటు చేశారో లేదో చూసేవాడు ఒక్కడూ ఉండడు.

రెండు జిల్లాలు తీసుకోండి. రెండింట్లోనూ 60 లోపు వాళ్లలో ఏటా వెయ్యికి ఇద్దరు, 60 దాటినవాళ్లలో 40 మంది పోతున్నారు. మొదటి జిల్లాలో పెద్దవాళ్లు 10 శాతం, రెండోదాంట్లో 20 శాతం. మొత్తంగా లెక్కేస్తే ఒకచోట 5.8, ఇంకోచోట 9.6! ఏ వయసువాళ్లకైనా ముప్పు ఒకటే, అయినా మ్యాపులో రెండోది ఎర్రబడుతుంది. అందుకే రెండు చోట్లా వయసువారీ రేట్లను ఒకే ప్రామాణిక జనాభాకు, అంటే ఏ వయసువాళ్లు ఎంత శాతమో ముందే ఖాయం చేసుకున్న నమూనాకు వేసి పోల్చాలి.

అసలు తిరకాసు డాక్టరు రాసే మరణకారణ పత్రంలో ఉంది. అందులో మొదటి భాగం మెట్లు మెట్లుగా ఉంటుంది: పైన చావుకు దగ్గరి కారణం, అట్టడుగున దానికి మూలం. పై వరసలో సెప్టిసీమియా (రక్తానికి ఇన్ఫెక్షన్), దాని కింద కాలికి గాంగ్రీన్ (కుళ్లిపోవడం), అట్టడుగున మధుమేహం అని రాస్తే ఆ చావు మధుమేహం ఖాతాలో పడుతుంది. అదే మనిషికి 'కార్డియాక్ అరెస్ట్' అని ఒక్క ముక్క గీకేస్తే మధుమేహం మాయం. గుండె ఆగకుండా పోయినవాడెవడు? అది కారణం కాదు, చావు జరిగిన తీరు. పత్రాలు ఒళ్లు దగ్గరపెట్టుకుని రాసే ప్రాంతంలో మధుమేహ మరణాలు ఎక్కువ కనిపిస్తాయి, ఆ పాపానికి చెడ్డపేరు కూడా దానికే. కాబట్టి ముందు ఐసీడీ-10లో, అంటే జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ జాబితాలో, ఆర్99, అంటే 'కారణం తెలియదు' కింద ఎన్ని పడ్డాయో చూడండి. ఆ వాటా పెద్దదైతే మిగతా అంకెలను అంతగా నమ్మలేం.

మరణాన్ని ఆసుపత్రి ఉన్న నగరానికి రాశారా, మనిషి ఉండే ఊరికా అన్నదీ చూడాలి.

చిన్న ప్రాంతాలతో ఇంకో చిక్కు. అమెరికాలో కిడ్నీ క్యాన్సర్ మరణాల రేటు అతి ఎక్కువగా ఉన్న కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చాలావరకు జనం పలచగా ఉన్న పల్లెప్రాంతాలు. అతి తక్కువ ఉన్నవీ అవే! జనాభా తక్కువైతే ఒక్క చావు అటో ఇటో అయినా రేటు ఎగిరిపడుతుంది. 20 లోపు మరణాలతో కట్టిన రేటు నమ్మదగ్గది కాదని అక్కడి గణాంక సంస్థే గుర్తు పెడుతుంది.

అలాగని తేడాలన్నీ బూటకం కాదు. ఫిన్లాండ్ తూర్పున నార్త్ కరేలియాలో మగవాళ్ల గుండెజబ్బు మరణాలు నిజంగానే దారుణంగా ఉండేవి. 1972లో అక్కడి జనానికి కొలెస్ట్రాల్, బీపీ కొలిచి, పొగతాగే అలవాటు ఆరా తీసి, వాటిని తగ్గించే పని మొదలుపెట్టారు. నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో ఆ మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.