చేదు కబురు పైదాకా చేరుతోందా?

స్టార్టప్‌ల సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు దూకుడు, వేగం, పట్టుదల వంటి గుణాలే ఎక్కువగా చర్చకు వస్తాయి. అయితే ఒక సంస్థలో చేదు కబురు కింది ఉద్యోగి నుంచి వ్యవస్థాపకుడి దాకా ఎంత త్వరగా, ఎంత నిర్భయంగా చేరుతుందన్న దాన్నిబట్టే దాని సంస్కృతిని అంచనా వేయాలని నా అభిప్రాయం.

టయోటా కర్మాగారాల్లో ప్రసిద్ధి పొందిన 'ఆండాన్' పద్ధతిలో, అసెంబ్లీ లైన్ మీద పనిచేసే ఏ కార్మికుడైనా, ఒక బోల్టు సరిగా బిగియలేదన్న అనుమానం కలిగినా చాలు, తాడు లాగవచ్చు. వెంటనే బోర్డు మీద దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు, కారు ఆ స్థానం దాటేలోగా సమస్య తీరకపోతే లైన్ ఆగిపోతుంది. లాగినవారిని తప్పుపట్టరన్న భరోసా లేని చోట ఆ తాడు ఉన్నా లేనట్టే.

థెరనోస్‌లో జరిగింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. 2003లో ఎలిజబెత్ హోమ్స్ స్థాపించిన ఈ అమెరికన్ సంస్థ, వేలి కొన నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతోనే ఎన్నో పరీక్షలు చేస్తామని నమ్మించి, 2014 నాటికి సుమారు 900 కోట్ల డాలర్ల విలువకు ఎదిగింది. నిజానికి చాలా పరీక్షలు ఇతర కంపెనీల యంత్రాల మీదే జరిగేవి. ఆ సంగతి ల్యాబ్‌లో పనిచేసేవారికి తెలుసు, కానీ సందేహాలు లేవనెత్తినవారికి దక్కింది చీవాట్లు, లాయర్ల బెదిరింపులు. 2018లో సంస్థ మూతపడింది. మదుపరులను మోసగించిన నేరంలో హోమ్స్‌ను 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది. మోసానికి బాధ్యులు పైవారే అయినా, అది అన్నేళ్లు సాగడానికి నోరు నొక్కే ఆ వాతావరణమూ తోడ్పడింది.

వ్యక్తిగత ఎదుగుదల అనగానే తెల్లవారుజామున లేవడం, పుస్తకాల జాబితాలు గుర్తొస్తాయి. వాటితో నాకు పేచీ లేదు. కానీ వ్యవస్థాపకుడి ఎదుగుదల బయటపడేది సమీక్షా సమావేశంలోనే. 'కొత్తగా చేరిన కస్టమర్లు రెండో నెలలోనే మానేస్తున్నారు' అని ఒక జూనియర్ చెప్పినప్పుడు, 'ఇది ఎవరి నిర్వాకం?' అని అడిగితే, మరుసటి వారం ఆ అంకె ఎవరూ ఎత్తరు, ఎత్తినా దానికి మెరుగులు దిద్ది చూపిస్తారు. 'ఎప్పటినుంచి? మానేసినవాళ్లతో ఎవరైనా మాట్లాడారా?' అని అడిగితే, చెప్పిన మనిషి మరోసారి నోరు విప్పుతాడు. సొంత ఆలోచన మీద మమకారం ఎంత బలంగా ఉంటే ఈ రెండో ప్రశ్న అంత కష్టం. అందుకే దీన్ని స్వభావంగా కాక, అభ్యాసంతో అలవరచుకోవలసిన నైపుణ్యంగా చూడాలి.

మదుపరులు కూడా వ్యవస్థాపకుడి ప్రెజెంటేషన్‌తో సరిపెట్టుకోకుండా, ఆ సంస్థను వదిలి వెళ్లిన ఇద్దరు ముగ్గురిని కలిసి, వారు చివరిసారి అభ్యంతరం చెప్పినప్పుడు ఏం జరిగిందో అడగాలి.