కోలోను ఎవరూ అడవి నుంచి ఎత్తుకురాలేదు

"తల్లి ఒడిలోంచి లాక్కొచ్చి అరవై ఏళ్లు బోనులో మగ్గబెట్టారు, అడవిలో ఉంటే ఇంకా బతికేది, జూలలోని గొరిల్లాలన్నిటినీ వెంటనే అడవిలో వదిలేయాలి." కోలో అనే గొరిల్లా ఫొటోతో తిరుగుతున్న ఈ సందేశాన్ని బాగా చదువుకున్న మిత్రులే మళ్లీ మళ్లీ పంపుతుంటే ఇక ఊరుకోలేకపోతున్నాను.

మొదటి మాటే అబద్ధం. కోలో 1956 డిసెంబరు 22న అమెరికాలోని కొలంబస్ జూలో పుట్టింది. జూలో పుట్టిన తొలి గొరిల్లా అదే. ఉమ్మనీటి సంచి కూడా వీడకుండా నేల మీద పడి ఉన్న ఆ పిల్లను వారెన్ థామస్ అనే పశువైద్య విద్యార్థి చూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది బతికించాడు. దీన్ని లాక్కురావడం అంటారా? రెండో మాటకు ఇంత జవాబు కూడా అక్కర్లేదు: అడవి గొరిల్లాలు నలభై దాటడమే అరుదు, కోలో 2017 జనవరిలో చనిపోయేనాటికి దాని వయసు 60.

అసలు ప్రమాదం మూడో మాటలో ఉంది. ఏది తినాలో, ఎవరిని చూసి పారిపోవాలో నేర్పే పెద్దలు లేకుండా పెరిగిన జంతువును, వేట వల్లా ఎబోలా వల్లా అడవి గొరిల్లాలే తగ్గిపోతున్న చోటికి తోలేయడం దయ ఎలా అవుతుంది? మనిషంటే భయం లేని గొరిల్లా వేటగాడికి ఎదురెళ్లి దొరుకుతుంది. 2013లో ఇంగ్లండ్ నుంచి ఒక గొరిల్లా కుటుంబాన్ని ఆఫ్రికా దేశమైన గాబన్‌కు తరలించి, ఎంతో సన్నాహంతో 2014లో అడవిలో వదిలితే, కొద్దికాలానికే అందులోని పలు ఆడ గొరిల్లాలు శవాలై కనిపించాయి. నిపుణులు పక్కనే ఉండి వదిలినప్పుడే అలా జరిగితే, "వెంటనే, అన్నిటినీ" అనేవారు ఆ చావులకు పూచీ పడతారా?

అయితే ఆ సందేశంలోని కోపం పూర్తిగా నిరాధారమని నేను అనను. కోలో తల్లిదండ్రులు మిల్లీ, మాక్ నిజంగానే ఆఫ్రికా అడవుల్లో పట్టుబడినవే. పిల్లలను పట్టడానికి పెద్దవాటిని చంపిన కాలమది. కోలోకు కూడా బట్టలు తొడిగి, సీసాపాలు పట్టి మనిషిబిడ్డలా పెంచారు; తాను కన్న ముగ్గురిలో ఒక్క బిడ్డనూ అది పెంచలేదు. ఆ పెంపకం తప్పేనని ఒప్పుకొని తీరాలి. తల్లి పెంచలేని పిల్లలను మరో ఆడ గొరిల్లాకు అప్పగించే పద్ధతిని తర్వాత ఆ జూయే చేపట్టింది. అలా ఒక మనవణ్ణి కోలోయే పెంచింది.