దేవుడికి మా మాట రాదా?

పోయిన చలికాలం ఒడిశాలోని మా గుణుపురం దగ్గర ఒక సవర గిరిజనుల ఊళ్లో ప్రార్థన కూటం పెట్టారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పాస్టర్‌గారు "రాత్రి దేవుడు నాతో మాట్లాడాడు" అని తెలుగులో చెప్తుంటే పక్కన ఒక కుర్రాడు సవరలోకి మార్చి చెప్తున్నాడు. నా ముందు చాప మీద కూర్చున్న ముసలావిడ మెల్లగా అడిగింది, మరి ఆయనకి మా మాట రాదా అని. నవ్వొచ్చింది గానీ అది చిన్న ప్రశ్న కాదు.

దేవుడు మనిషితో మాట్లాడ్డానికి ఖురాన్ 42:51లో మూడు దారులున్నాయి: వహీ (అంటే మనసులోకి దింపే మాట), తెర వెనక నుంచి మాట, లేదా దూత. బైబిల్ సంఖ్యాకాండం 12లో అయితే మిగతా ప్రవక్తలకి కల, దర్శనం, మోషేకి మాత్రం ముఖాముఖి. సరే, దారులు తెలిశాయి. ఆ మాట దిగే మనిషి సంగతేంటి?

బైబిల్ ప్రవక్త ఆమోసునే చూడండి, పశువులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. అతని గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో అతనికి కనపడింది కూడా వేసవి పండ్ల గంపే. ఏం చూస్తున్నావని దేవుడడిగితే పండ్ల గంప అంటాడు, వెంటనే నా జనానికి అంతం వచ్చేసింది అని దేవుడి మాట. తెలుగులో చదివితే పండ్లకీ అంతానికీ లింకే దొరకదు. హీబ్రూలో వేసవి పండు ఖాయిత్స్, అంతం ఖేత్స్! దర్శనమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది, హీబ్రూ రానోడికి అది ఉత్త పండ్ల గంపే. ఏ ప్రవక్తనైనా తన జనం భాషతోనే పంపామని ఖురాన్ 14:4 కూడా అంటుంది.

అంత దూరం ఎందుకు, మా సవర వాళ్ల సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది కదా. 1936లో మంగేయ్ గొమాంగో తెచ్చిన 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవుడి పేరు, దేవుడే ఇచ్చిన లిపి అని భక్తులు దానికి పూజ చేస్తారు. ఆయనకి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు వచ్చు, సొంత ప్రింటింగ్ ప్రెస్ కూడా ఉండేది. ఇంకేం, కూర్చుని ఆయనే తయారుచేసుకున్నాడు అని మా ఫ్రెండ్స్ కొట్టిపారేస్తారు. నేనలా అనలేను, నోరు తిరగదన్న మోషేకి మాట్లాడ్డానికి అన్న అహరోనుని తోడిచ్చిన దేవుడు ప్రెస్ ఉన్నోడికి అక్షరాలిస్తే వింతేముంది?

నాకు అనుమానమొచ్చేది ఏ ఊళ్లో చెప్పినా సరిపోయే మాటల మీద. ఆ రాత్రి పాస్టర్‌గారు కళ్లు మూసుకుని, ఇక్కడ ఎవరికో నడుం నొప్పి ఉందని ప్రభువు చూపిస్తున్నాడు అన్నారు. కొండ మీద పోడు కొట్టే ఊళ్లో నడుం నొప్పి లేనోళ్లెవరండీ. కుర్రాడు సవరలో చెప్పగానే చేతులు లేచాయి, ముసలావిడ కూడా ఎత్తింది.