ఆర్డర్లీ బుక్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యానికొచ్చే రోజువారీ ఆదేశాలు రాసుకునే పుస్తకంగా, కంపెనీకి (అంటే ఒక్కో సైనిక దళానికి) ఒకరు చొప్పున వెలసిన తమరికి నమస్కారం. హెడ్‌క్వార్టర్స్‌లో జనరల్ వాషింగ్టన్ ఆదేశాలు పైకి చదివితే కిందివాళ్లు రాసుకోవడం, వాళ్లు చదివితే ఇంకా కిందివాళ్లు రాసుకోవడం. చివరికి ఏ సార్జెంటో తనకొచ్చిన స్పెల్లింగుతో తమరి మీద గీకేవాడు. పైన ఆ రోజు సంకేతపదాలు. 1775 జులై 4న ‘అబింగ్టన్’ అంటే ‘బెడ్‌ఫోర్డ్’ అనాలి. అనకపోతే తుపాకీ అంటుంది.

ఆ రోజే బూతులు మాట్లాడరాదనీ, తాగరాదనీ రాశారు. సంతోషం. మరి 1776 ఆగస్టు 3న మళ్లీ బూతులు మాట్లాడరాదని ఎందుకు రాయాల్సి వచ్చింది? ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అన్న గోడ దగ్గర ముక్కు మూసుకుని నడిచిన జాతి మాది. తమరి భాష మాకు కొత్తేం కాదు.

అసలు నాకు నచ్చింది 1775 ఆగస్టు 22 నాటి ఆదేశం. స్నానానికి జనరల్ గారు వ్యతిరేకం కాదట. కాకపోతే మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి వంతెన దగ్గర మాత్రం వద్దట. ఎందుకయ్యా అంటే, పెద్దింటి ఆడవాళ్లు దాటుతుంటే సిపాయిలు ఆ వంతెన మీద బట్టల్లేకుండా పరుగులు పెడుతున్నారు! పరువు కాపాడమని తమరి చేతికిస్తే, తమరు దాన్ని 250 ఏళ్లు భద్రంగా దాచి మాకు చూపించారు.

ఫిరంగి వాళ్ల సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఒకసారి పేల్చాక గొట్టం లోపల తడి స్పాంజితో తుడవాలి. అంతసేపూ ఇంకొకడు వెనకనున్న రంధ్రాన్ని బొటనవేలితో నొక్కి పట్టాలి, వేలు కాలుతున్నా సరే. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలిందా, తర్వాత దూర్చే తుపాకిమందు దూర్చేవాడి చేతులతో సహా పోతుంది. 1776 జులై 12న ఫీనిక్స్, రోజ్ అనే బ్రిటిష్ ఓడలు రెండు హడ్సన్ నదిలోకి దూసుకొచ్చాయి. న్యూయార్క్‌లో అమెరికన్ల ఫిరంగి ఒకటి పేలిపోయి సొంత గన్నర్లే చచ్చిపోయారు. మర్నాడు తమరు ఏం రాసుకున్నారు? డ్రమ్ము మోగినా డ్యూటీకి పోకుండా ఆఫీసర్లూ సిపాయిలూ ఒడ్డున నిలబడి ఓడలు చూస్తున్నారని, శత్రువు మనల్ని చులకన చేస్తాడని. తిరునాళ్లలో రథం చూసినట్టు చూశారన్నమాట.

తమరి చుట్టం, జీతాల పుస్తకం, కాస్త నయం. ఆ ఏడాది మార్చిలో న్యూయార్క్ ఫిరంగి కంపెనీకి కెప్టెన్ అయిన అలెగ్జాండర్ హామిల్టన్, ఆ పుస్తకంలో మిగిలిన కాగితాల మీద ప్లూటార్క్ అనే పాతకాలం గ్రీకు రచయితను చదివి నోట్సు రాసుకున్నాడు. ముందు పేజీల్లో జీతాలు, వెనక పేజీల్లో పాతకాలం గ్రీకు, రోమన్ కబుర్లు. ఇరవై ఏళ్ల కుర్రాడు, గుడారంలో దీపం పెట్టుకుని ఎప్పుడు రాశాడో!

అలాంటి పేజీ ఒక్కటైనా తమరి దగ్గరుంటే పంపగలరు. లేదా ఆ వంతెన మీద పరుగెత్తిన వాళ్లలో ఒక్కడి పేరైనా చెప్పగలరు.

ఇట్లు,
అబింగ్టన్

(జవాబు మొదట్లో ‘బెడ్‌ఫోర్డ్’ అని లేకపోతే కవరు విప్పను.)