"బోర్డు పోయింది" అన్నంత మాత్రాన కెమెరా పోయినట్టు కాదు

పది పన్నెండేళ్లుగా బీరువా అరల్లో పడి ఉన్న చిన్న డిజిటల్ కెమెరాలు మళ్లీ బయటికి వస్తున్నాయి. కాలేజీ పిల్లలు వాటిని వెతికి మరీ కొంటున్నారు. ఫోను తీసే మరీ నున్నటి ఫొటోకన్నా వాటిలో పడే కాస్త గరుకు బొమ్మే వాళ్లకు నచ్చుతోందట. నాకు సంతోషమే. అయితే ఆ కెమెరాలతోపాటు ఒక పాత జబ్బు కూడా తిరిగి వచ్చింది. కెమెరా ఆన్ కాకపోయినా, తెర మీద ఏదో ఎర్రర్ కనబడినా, దాన్ని తిరగేసి అయినా చూడకుండా "బోర్డు పోయిందండీ" అని తేల్చేయడమే ఆ జబ్బు. బోర్డంటే కెమెరా మొత్తాన్ని నడిపించే లోపలి సర్క్యూట్ పలక. ఈ పోస్టు ఆ మాట మీద నా ఫిర్యాదు.

మా మేనకోడలు ఈ మధ్యే మూడు వేల రూపాయలు పెట్టి, ఎవరో వాడిన కెమెరా ఒకటి కొనుక్కుంది. మూడో రోజు సాయంత్రం స్నేహితులతో కలిసి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లింది. ఇంటికి వచ్చి ఆన్ చేస్తే లెన్స్ సగం దాకా బయటికి వచ్చి, పళ్లు కొరికినట్టు చప్పుడు చేసి, అక్కడే ఆగిపోయింది. తెర మీద లెన్స్ ఎర్రర్ అని చూపించి దానంతట అదే ఆరిపోయింది. మర్నాడు జగదాంబ జంక్షన్ దగ్గర ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, అక్కడి మనిషి ఒక్కసారి ఆన్ చేసి, ఆ చప్పుడు విని, బోర్డు పోయిందని, రెండున్నర వేలు అవుతుందని, గ్యారంటీ మాత్రం ఇవ్వలేనని చెప్పి పంపించాడట. "మావయ్యా, ఇది ఇంక పనికిరాదట" అంటూ నా చేతిలో పెట్టింది.

నేను కెమెరా మెకానిక్‌ని కాను. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరైన వాణ్ణి. మీటరు తప్పు చూపిస్తే మీటరు విప్పకు, ముందు దానికి వచ్చే కరెంటు చూడు, తర్వాత వైరు చూడు, ఆ తర్వాతే మీటరు మీద చెయ్యి వెయ్యి అని మాకు మొదటి రోజుల్లోనే నేర్పారు. కెమెరాకూ ఈ వరసే సరిపోతుంది. ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే ఖర్చయ్యే మాట ఎత్తాలి.

చాలా చిన్న కెమెరాలలో పవర్ బటన్ నొక్కకుండా, తీసిన ఫొటోలు చూసుకునే ప్లే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే, లెన్స్ బయటికి రాకుండానే కెమెరా ఆన్ అవుతుంది. ఇది చేతిలో ఉన్న మొదటి పరీక్ష, దీనికి పైసా ఖర్చు లేదు. మా మేనకోడలి కెమెరాకు అలా చేస్తే తెర చక్కగా వెలిగింది, పాత ఫొటోలన్నీ కనబడ్డాయి, మెనూ తిరిగింది. అంటే బ్యాటరీ పనిచేస్తోంది, కార్డు పనిచేస్తోంది, తెర పనిచేస్తోంది. ఇవన్నీ నడిపిస్తున్న బోర్డు బతికే ఉంది. చిక్కంతా లెన్స్ గొట్టం కదలికలోనే ఉంది. ఈ సంగతి తేలడానికి నాకు ఐదు సెకన్లు పట్టింది. బోర్డు పోయిందని చెప్పిన మనిషికి ఈ బటన్ సంగతి తెలియదని నేను నమ్మలేను.

ఈ కెమెరాల లెన్స్ ఒకదానిలో ఒకటి ఇమిడే గొట్టాలుగా ఉంటుంది. వాటిని ఒక చిన్న మోటారు, గోరంత ప్లాస్టిక్ పళ్ల చక్రాల సాయంతో ముందుకూ వెనక్కూ నడుపుతుంది. గొట్టం అనుకున్న చోటికి అనుకున్న వేళకి చేరకపోతే, మోటారు కాలిపోకుండా, చక్రం పన్ను విరగకుండా కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. తెర మీద ఎర్రర్ చూపించడం దాని ఆత్మరక్షణ. ఆర్కే బీచ్ ఇసుక రేణువు ఒక్కటి ఆ సందులో ఇరుక్కున్నా చాలు. బ్యాటరీ నీరసించి మోటారుకు బలం చాలకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది కాబట్టి, ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి చూడాలి. మాది ఛార్జి అయినా కదలలేదు.

అప్పుడు బల్ల మీద తెల్ల కాగితం పరిచి, కెమెరాను లెన్స్ కిందికి వచ్చేలా పట్టుకుని, రబ్బరు బుడ్డి బ్లోయరుతో గొట్టాల మధ్య సందుల్లోకి చుట్టూ గాలి కొట్టాను. నోటితో ఊదకూడదు, ఉమ్మి తడి లోపలికి పోతుంది. గాలి కొడుతూ, కెమెరా పక్కను వేలి కొసతో మెల్లగా తడుతూ ఉంటే, కాగితం మీద మొదట ఏమీ రాలలేదు. నాలుగో విడతలో రెండు రేణువులు పడ్డాయి. ఒకటి తెల్లగా, ఒకటి అద్దం ముక్కలా మెరుస్తూ ఉంది. భూతద్దంలో చూస్తే గొట్టం అంచు మీద మరొకటి అంటుకుని కనబడింది. దాన్ని మెత్తటి బ్రష్షుతో బయటి వైపుకి తుడిచాను. తర్వాత ఆన్ చేస్తే గొట్టం ఒక్క క్షణం తడబడి, పూర్తిగా బయటికి వచ్చింది. మా మేనకోడలు చప్పట్లు కొట్టింది. రెండున్నర వేల మరమ్మతుకి నాకు అయిన ఖర్చు ఒక తెల్ల కాగితం.

దీన్ని చదివి ఎవరూ స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చోవద్దు. ఫ్లాష్ వెలగడానికి ఈ కెమెరాల లోపల ఉండే కెపాసిటరు దాదాపు 300 వోల్టుల దాకా ఛార్జి అవుతుంది, బ్యాటరీ తీసేశాక కూడా ఆ ఛార్జి చాలాసేపు నిలిచి ఉండవచ్చు. తెలియక వేలు తగిలితే కెమెరాకన్నా ముందు మనం ఎగిరి పడతాం. గొట్టాన్ని చేత్తో బలంగా లాగడం, లోపలికి తొయ్యడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే పన్ను విరిగితే అప్పుడు నిజంగానే కొత్త లెన్స్ యూనిట్ వెయ్యాలి, అది దొరకదు. గాలి, బ్రష్షు, ఓపిక, ఈ మూడింటితో కదలకపోతే మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లడమే. మంచివాళ్లు లేరని నేను అనడం లేదు. విప్పి, లోపలి ఇసుక చూపించి, డబ్బు తీసుకునేవాళ్లకు ఎంతైనా ఇవ్వొచ్చు.

ఇక అసలు ఆన్ కాని కెమెరాల సంగతి. నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం బ్యాటరీ జబ్బులే. పెన్సిల్ సెల్స్ వేసే కెమెరాలైతే కారణం మరీ నవ్వొచ్చేలా ఉంటుంది: గోడ గడియారానికి వేసే చవక సెల్స్ కొని వేస్తారు. గడియారం తాగేది చుక్క చుక్క కరెంటు, కెమెరాది ఏనుగు దాహం. ఆల్కలైన్ సెల్ మీద 1.5 వోల్టులని రాసి ఉన్నా, ఫ్లాష్, మోటారు, తెర కలిసి ఒక్కసారిగా లాగేసరికి వోల్టేజీ పడిపోతుంది, కొత్త సెల్స్ వేసిన పది నిమిషాలకే బ్యాటరీలు మార్చమని కెమెరా అడుగుతుంది. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులవే అయినా ఆ బరువు మోస్తాయి. లిథియం బ్యాటరీ ఉన్నవాటిలో అయితే పదేళ్లు వాడకుండా పడేసిన బ్యాటరీ ప్రాణం చాలా వరకు పోయే ఉంటుంది. అది కాస్త ఉబ్బినట్టు కనబడితే ఛార్జి పెట్టకుండా పక్కన పెట్టేయండి.

బ్యాటరీ మంచిదే అయినా ఆన్ కాకపోతే కాంటాక్టులు చూడండి. విశాఖలో ఉన్నవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో కిటికీ ఊచలు, గేటు గొళ్లేలు ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలిసి కూడా, కెమెరా లోపలి రాగి రేకులకు అదే ఉప్పు గాలి తగులుతుందని మనకు తోచదు. ఎంవీపీ కాలనీలో ఉన్న మిత్రుడి కెమెరా బ్యాటరీ గదిలో నేను చూసింది, పూజ గదిలోని ఇత్తడి దీపానికి పట్టే పచ్చటి చిలుమే. చిన్నపిల్లల పెన్సిల్ రబ్బరుతో బ్యాటరీ మీది కాంటాక్టులను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూదిపుల్లతో కెమెరా లోపలివాటిని తుడిచి, పావుగంట ఆరనిచ్చి బ్యాటరీ వేస్తే ఆన్ అయింది. అది రెండేళ్లుగా బోర్డు పోయిన కెమెరా.

కార్డు గొడవలకు మూలం చాలాసార్లు కెమెరా వయసే. 2006కు ముందు వచ్చిన కెమెరాలు మామూలు ఎస్‌డీ కార్డునే చదవగలవు, అది 2 జీబీ వరకే. 4 నుంచి 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఆ తర్వాత వచ్చాయి, 64 జీబీ, అంతకుమించినవి ఎస్‌డీఎక్స్‌సీ. దుకాణంలో ఇప్పుడు తేలిగ్గా దొరికేది 64 జీబీ కార్డు, దాన్ని తెచ్చి ఇరవయ్యేళ్ల కెమెరాలో వేసి, కార్డు ఎర్రర్ వచ్చిందని కెమెరాను తిట్టడం న్యాయం కాదు. కార్డు పక్కన ఉండే చిన్న లాక్ మీట, కార్డును కెమెరాలో పెట్టేటప్పుడే జారి కిందికి దిగిపోతుంది, ముఖ్యంగా అరిగిపోయిన అడాప్టర్లలో. అప్పుడు కెమెరా ఫొటో తీయనంటుంది. ఫొటోలు పొరపాటున చెరిగిపోతే వెంటనే ఆ కార్డు తీసి పక్కన పెట్టాలి. చెరపడం అంటే విషయసూచికలో పేరు కొట్టేయడమే, పేజీలు అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్త ఫొటోలు తీసినప్పుడే అవి నిజంగా పోతాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఒక పెళ్లి ఫొటోలు మొత్తం నేనే తిరిగి తీసిచ్చాను. భోజనం పెట్టారు, అది వేరే విషయం.

తేదీ ప్రతిసారీ మొదటికి వచ్చేస్తుంటే లోపలి చిన్న బ్యాకప్ సెల్ ఖాళీ అయిందని అర్థం. చాలా కెమెరాలలో ఛార్జి ఉన్న పెద్ద బ్యాటరీని ఒక రోజు లోపలే ఉంచితే అది తనే నిండుతుంది.

ఫొటోలు బాగా రావడం లేదనేది మరో రకం ఫిర్యాదు, ఇందులో కెమెరా తప్పు ఇంకా తక్కువ. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే అలల ముందు మనిషిని నిలబెట్టి తీస్తే సూర్యుడు వెనక ఉంటాడు, ముఖం బొగ్గులా పడుతుంది. పట్టపగలే అయినా ఫ్లాష్‌ను బలవంతంగా వేసుకుంటే ముఖం తేలుతుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలి ఇరుకులో, మసక దీపాల కింద తీసినవి అలికినట్టు వచ్చాయంటే, షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని ఉండగా చెయ్యి కదిలిందని. గోడకు మోచేయి ఆనించి, బటన్ సగం నొక్కి ఆకుపచ్చ గుర్తు వచ్చాక మిగతా సగం నొక్కాలి. రాత్రి బీచ్‌లో ఫ్లాష్‌తో తీస్తే గాలిలో తేలే తెల్లటి గుండ్రటి మచ్చలు వస్తాయి. అవి ఆత్మలని నాకు ఫోన్ చేసి అడిగినవాళ్లు ఉన్నారు. లెన్స్‌కు మరీ దగ్గరగా ఎగిరే నీటి తుంపర, ఫ్లాష్ వెలుగు తగిలి అలా కనబడుతుంది.

పాత ఫొటోలు తెర మీద బాగానే కనబడుతూ, కొత్తగా తీసేవి మాత్రం ఊదా రంగు గీతలతోనో, పూర్తి నల్లగానో వస్తుంటే అది బొమ్మను పట్టే సెన్సారు జబ్బు. ఇక్కడ మాత్రం ఇంటి వైద్యం లేదు. సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ రకం సెన్సార్లలో లోపలి సన్నటి తీగల అతుకులు వేడికీ తేమకూ ఊడిపోతున్నాయని 2005లో తేలి, ఆ సెన్సార్లు వాడిన అనేక జపాన్ కెమెరా కంపెనీలు ఉచిత మరమ్మతు ప్రకటించాల్సి వచ్చింది. వేడీ తేమా రెండూ పుష్కలంగా ఉన్న ఊళ్లో ఆ కాలపు కెమెరా కొంటున్నవాళ్లు, డబ్బు ఇచ్చే ముందు అక్కడికక్కడే రెండు ఫొటోలు తీసి చూసుకోవడం మంచిది.

తేమ అన్నాను కాబట్టి, బియ్యం డబ్బా సంగతి కూడా తేల్చేద్దాం. తడిసిన కెమెరాను బియ్యంలో పాతిపెట్టడం వల్ల దుమ్మూ పిండీ సందుల్లోకి చేరడం తప్ప పెద్దగా ఒరిగేది లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి, బల్ల మీది కెమెరా రాత్రంతా వాన నీటిలో నానింది. బ్యాటరీ, కార్డు తీసేసి, మూతలన్నీ తెరిచి, నీడలో గాలికి పెట్టాను. ఆన్ చేసి చూద్దామని రోజుకి పదిసార్లు చెయ్యి లాగేది, కానీ రోజుల తరబడి కరెంటు లేదు, బ్యాటరీ ఛార్జి చేసే దారే లేదు. కరెంటు వచ్చి బ్యాటరీ పెట్టేసరికి లోపల పూర్తిగా ఆరిపోయింది, కెమెరా పనిచేసింది. ఆ రోజు కరెంటు ఉండి ఉంటే నా ఆత్రంతో నేనే దాన్ని షార్ట్ చేసి చంపేసేవాణ్ణి. అది వాన నీరు కాబట్టి దక్కింది. సముద్రపు నీరైతే ఉప్పు మిగిలిపోయి లోపల తింటూనే ఉంటుంది.

మిగిలిన రోజుల్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కెమెరాను ఉంచితే లెన్స్‌కు ఫంగస్ పట్టదు. తోలు సంచిలో, చీకటి బీరువాలో నెలల తరబడి పెడితే మాత్రం అద్దం మీద సాలెగూడు లాంటి గీతలు మొలుస్తాయి. ఏసీ కారులోంచి రుషికొండలో దిగగానే లెన్స్ మసకబారితే కంగారుపడి తుడవొద్దు, పావుగంట ఆగితే అదే పోతుంది.

మా మేనకోడలి కెమెరా ఇప్పుడు ఒక జిప్ కవరులో తిరుగుతోంది, ఇసుకలో దిగితే బయటికి తియ్యనని మాట ఇచ్చింది. మొన్న ఆదివారం బొర్రా గుహల నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, మళ్లీ పోయింది, తెర మొత్తం నల్లగా ఉంది, ఈసారి నిజంగానే బోర్డేమో" అంది. తెరను ఆర్పి వెలిగించే డిస్‌ప్లే బటన్ రెండుసార్లు నొక్కమ్మా అన్నాను.