వరదలోనూ కొట్టు మూయకుండుటెట్లు?

చిన్న వ్యాపారికి అత్యవసరమైనది ఏమిటో అధికార యంత్రాంగం ఎట్టకేలకు కనిపెట్టింది. పెట్టుబడి కాదు, మురుగు కాలువలో పూడికతీత అసలే కాదు. 'వ్యాపార కొనసాగింపు ప్రణాళిక'! అంటే విపత్తు వచ్చినా వ్యాపారం ఆగకుండా ముందే రాసిపెట్టుకునే ఏర్పాటన్నమాట. మా ఊరి పురపాలక సంఘం దీనిపై ఈ మధ్య అవగాహన సదస్సు పెట్టింది. కిరాణా కొట్లవాళ్లు, టైలర్లు, మెకానిక్కులు బేరాలు వదులుకొని వచ్చి, శాలువాలు కప్పడం పూర్తయ్యేదాకా బుద్ధిగా కూర్చున్నారు.

విపత్తు రాగానే వ్యాపారాన్ని ప్రత్యామ్నాయ స్థలానికి తరలించాలని వక్తగారు సెలవిచ్చారు. పదడుగుల షట్టరు కొట్టుకు ఉన్న ప్రత్యామ్నాయ స్థలం వెనకాల వంటగది. అక్కడా అవే నీళ్లు. కీలక సిబ్బందిని గుర్తించాలట. ఒకరు భార్య, రెండోవారు మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు పడే మామగారు. ఇక ముఖ్యమైన సమాచారానికి నకలు తీసి వేరే చోట దాచాలట. కొట్టులో ముఖ్యమైన సమాచారమంటే మేకుకు వేలాడే పొడవాటి అరువు పుస్తకం. దాని నకలు అరువు తీసుకున్నవాళ్ల ఇళ్లలోనే దాస్తే మరీ భద్రం!

మరి చెప్పేవారి ప్రణాళిక మాటేమిటి? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం స్థానిక సంస్థలూ తమ ప్రణాళిక తాము రాసుకోవాలి. మా పురపాలక సంఘంవారూ రాసుకున్నారు, అబద్ధమెందుకు? సముద్రం జాడే లేని మా ఊళ్లో తుపాను వేళ మత్స్యకారులను వేటకు వెళ్లకుండా ఎలా ఆపాలో అందులో రెండు పేజీలు వివరంగా ఉంది. ఏ తీరప్రాంత పట్టణం నుంచి ఎత్తిరాశారో పాపం, ఊరి పేరు మాత్రం జాగ్రత్తగా మార్చారు. అత్యవసర ఫోన్ల జాబితాలో మొదటి అధికారికి బదిలీ అయింది, రెండో ఆయన పదవీ విరమణ చేశారు. జనరేటరు సెల్లారులో ఉంది.

మాక్ డ్రిల్ కూడా చేశారు. మండు వేసవిలో వరద అభినయించాలంటే నీళ్లు కావాలి కదా. నాలుగు రోజులుగా కుళాయి రాని వార్డుకు వెళ్లాల్సిన ట్యాంకరును మైదానానికి మళ్లించారు. మడమలోతు బురదలో అటెండరును మునగమన్నారు. ఆయన మునిగాడు. లైఫ్ జాకెట్టు తొడుక్కున్న అధికారిగారు చెయ్యందించి లాగారు. ఫొటోలో సారు మొహం సరిగా పడలేదు. అటెండరు మళ్లీ మునిగాడు. ఈసారి బ్యానరు అడ్డొచ్చింది. మూడోసారి పైకి లాగబోయేసరికి సమోసాలు వచ్చాయి. బాధితుడిని బురదలోనే వదిలి రక్షణ దళం టీ తాగింది. డ్రిల్ విజయవంతమైందని మినిట్స్‌లో రాసుకున్నారు.

చట్టం వచ్చిన ఆ 2005లోనే బుడమేరు వాగు విజయవాడను ముంచింది. 2024 సెప్టెంబరు 1న మళ్లీ ముంచింది. ఆ వాగు నీటిని మళ్లించే కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ముందస్తు హెచ్చరిక తమకు అందలేదని అక్కడి జనం మొత్తుకున్నారు. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే పులిసి కంపు కొట్టే బియ్యం బస్తాలు, బురద కక్కే కుట్టు మిషన్లు. చిన్న దుకాణానికి 25 వేల రూపాయల సాయం ప్రకటించారు. జాబితాలో పేరు లేదని వార్డు సచివాలయాల చుట్టూ తిరిగినవాళ్లు ఎందరో. మునిగింది నిజమేనని చూపించడానికి కాగితం కావాలంటే, కాగితమూ మునిగింది గదయ్యా!

ఏటా ట్రేడ్ లైసెన్సు రుసుము కట్టించుకునే కార్యాలయం దగ్గర ఆ కొట్టు పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నీ ఉంటాయి. గడువు దాటితే జరిమానా కబురు ఠంచనుగా అందుతుంది. గండి పడ్డప్పుడు అదే ఫోనుకు 'సరుకు పై అరకు ఎత్తుకో' అన్న ఒక్క ముక్క ఎందుకు చేరలేదు? దీనికి జవాబు చెప్పకుండా, ఆ కొట్టువాడికి ప్రణాళికలు నేర్పడానికి మీకు నోరెలా వచ్చింది?