ఎంజీబీ కొంటానన్న మా బావకి

పొద్దున్నే బావ ఫోటో పంపాడు. ఎర్ర ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1972 మోడల్, క్రోమ్ బంపర్లు తళతళా మెరుస్తున్నాయి. 5,000 పౌండ్లట. "చిన్న చిన్న పనులున్నాయంతే" అన్నాట్ట అమ్మేవాడు. ఆ మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళ కిందట సరిగ్గా ఆ మాటే నమ్మి నేను 4,600కి కొన్నాను. ఇవాళ్టికి లెక్క 21,000 దాటింది. అమ్మితే తొమ్మిదో పదో వేలు వస్తే గొప్ప. ఫోన్లో చెబితే వినడు, అందుకే నలుగురిలో పెడుతున్నా.

ఎంజీబీ అరుదైన బండేం కాదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో ఐదు లక్షలకు పైగా చేశారు. స్పేర్ పార్టులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, ధరలూ పెద్దగా ఉండవు. మనం పడేది సరిగ్గా అక్కడే. పార్టు చవకే బాబూ, దాన్ని బిగించడానికి పట్టే గంటలే ఖరీదు.

సిల్ సంగతే చూడండి. తలుపు కింద బండి పొడవునా పెట్టెలా ఉండే భాగం అది. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు. రోడ్‌స్టర్ కాబట్టి పైకప్పూ లేదు. బరువంతా ఆ రెండు సిల్స్ మీదే. నా బండికి పైనుంచి నున్నగా, నిగనిగలాడుతూ ఉండేవి. ఇంటికి తెచ్చాక స్క్రూడ్రైవర్‌తో కింద అలా పొడిచానో లేదో, పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే అప్పడం ముక్కల్లా తుప్పు రాలింది, వెనకే గుప్పెడు పుట్టీ. లోపలి రేకు, బయటి రేకు, అడుగున ఉండే కాజిల్ సెక్షన్, మూడూ పోయాయి. కొయ్యాలంటే ముందు తలుపు సందుకి అడ్డంగా ఇనప కడ్డీ వెల్డ్ చెయ్యాలి, లేకపోతే బాడీ వంగిపోయి తలుపు మళ్ళీ జన్మలో పడదు. మా మెకానిక్ గంటకి 55 పౌండ్లు. వంద గంటలకు పైనే పట్టింది. బాడీ పనికే 6,200 వదిలింది.

పెయింటుకి 4,800. ఇంజన్‌కి 2,700. లెడ్ లేని పెట్రోలుకి తట్టుకోవాలని హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించాను, అదీ అందులోనే. సీట్లు, కార్పెట్లు, మడిచే గుడ్డ టాప్‌కి 1,500. ఇంటి దగ్గర చోటు లేక అద్దెకి తీసుకున్న షెడ్డుకి నెలకి 90 చొప్పున పద్దెనిమిది నెలలు. నా దగ్గరున్న మిల్లీమీటర్ స్పానర్లు ఒక్కటీ పట్టక అంగుళాల సెట్టు కొన్నాను, అది లెక్కలోనే రాయలేదు. గోచీ కోసం పిల్లిని పెంచిన సన్యాసి కథ గుర్తుందా? ఆ సన్యాసిని నేనే.

ఇంకో మాట. "నలభై ఏళ్ళు దాటిన బండి, రోడ్ ట్యాక్స్ లేదు, ఎంఓటీ కూడా అక్కర్లేదు" అని ఊదరగొడతారు. ఎంఓటీ అంటే ఇక్కడ బళ్ళకి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష. నిజమే, 2018 నుంచి అలాంటి బళ్ళలో చాలావాటికి అది తప్పనిసరి కాదు. అంటే ఏమిటి? ఏళ్ళ తరబడి ఆ బండి కిందకి ఎవడూ తొంగి చూసి ఉండకపోవచ్చు. పాత ఎంఓటీల చరిత్ర నెంబరు కొడితే ఆన్‌లైన్లో ఉచితంగానే కనిపిస్తుంది. ఎక్కడ ఆగిపోయిందో, ఆగేముందు తుప్పు గురించి ఏం రాశారో చదువు బావా. బంపర్ల మెరుపు తర్వాత చూడొచ్చు.

మరి నువ్వెందుకు అమ్మేయవు అంటారేమో. జూన్ సాయంత్రం టాప్ దించి, ఓవర్‌డ్రైవ్ (పై గేరు మీద ఇంకో గేరు లాంటిది) స్విచ్ టక్కున వేస్తే ఇంజన్ గొంతు ఒక మెట్టు దిగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ సుఖం కావాలంటే, వేరేవాడు అప్పటికే పాతిక వేలు తగలేసి విసిగిపోయి పన్నెండు వేలకి అమ్ముతున్న బండి కొనుక్కో. ఫోటోల ఫైలూ, బిల్లుల కట్టా ఇమ్మను. సిల్స్ కోసినప్పటి ఫోటోలు లేవంటే కొయ్యలేదనే అనుకో.

ఆదివారం నేనూ వస్తున్నా, అయస్కాంతం తెస్తా. పుట్టీ ఉన్నచోట అంటుకోదు. అన్నట్టు, అక్కకి మొత్తం ఖర్చు 5,000 అనే చెప్పావట. మా ఆవిడకి ఇప్పటికీ 4,600 అనే తెలుసు. ఈ పోస్టు ఇద్దరికీ కనపడకుండా సెట్టింగ్ పెట్టాననే అనుకుంటున్నా.